పరిశ్రమ: ఆదా అయిన గంట ఎవరిది?

పరిశ్రమ అంటే మనుషుల శ్రమను, ముడిసరుకును, పనిముట్లను, ఇంధనాన్ని ఒక పద్ధతిలో కూర్చి, పదిమందికీ అక్కరకొచ్చే వస్తువునో సేవనో నిరంతరంగా తయారుచేసే ఏర్పాటు. ఒళ్లు దాచుకోకుండా పనిచేయడానికీ తెలుగులో ఇదే పేరు. ఈ రెండర్థాలూ ఒకదాన్నొకటి ఆనుకుని ఉండటంవల్ల, ఎక్కువ కష్టపడిన చోటే ఎక్కువ ఉత్పత్తి జరుగుతుందని, ఉత్పత్తిలో వెనకబడిన ప్రాంతంలో జనం కష్టపడటం లేదని అనుకోవడం పరిపాటి అయింది. గత రెండున్నర శతాబ్దాల ఆర్థిక చరిత్ర ఇందుకు ఎదురు సాక్ష్యం చెబుతుంది. ఒక్కో వస్తువు వెనక పడే కష్టం తగ్గుతూ వచ్చిన చోటనే పరిశ్రమ పెరిగింది. అలా మిగిలిన శ్రమ కార్మికుడికి విశ్రాంతిగానో కూలిగానో దక్కిందా, యజమానికి లాభంగా చేరిందా, అసలు ఆ పనే పోయి చేతులు ఖాళీ అయ్యాయా అన్నది యంత్రం తేల్చిన విషయం కాదు. చట్టాలు, కూలి బేరాలు, ప్రభుత్వ విధానాలు తేల్చిన విషయం. కాబట్టి పరిశ్రమను ఉత్పత్తి విలువతోనో పని గంటలతోనో మాత్రమే కొలిస్తే సగం సంగతే తెలుస్తుంది. ఆదా అయిన గంట ఎవరికి చేరిందో చూసినప్పుడే మిగతా సగం బయటపడుతుంది.

నిర్వచనాలు, హద్దులు

ఆర్థికశాస్త్రం ఉత్పత్తిని మూడు రంగాలుగా చూడటం 1930లలో ఏ.జి.బి. ఫిషర్, 1940లో కోలిన్ క్లార్క్ రచనలతో స్థిరపడింది. నేల నుంచీ నీటి నుంచీ నేరుగా రాబట్టేది ప్రాథమిక రంగం, రాబట్టినదాన్ని మరో వస్తువుగా మార్చేది ద్వితీయ రంగం, సేవలు తృతీయ రంగం. వాడుకలో పరిశ్రమ అంటే రెండోదే. గణాంకాల శాఖల వాడుక ఇంతకంటే చాలా విశాలం. ఐక్యరాజ్యసమితి 1948లో రూపొందించిన అంతర్జాతీయ పారిశ్రామిక వర్గీకరణలోనూ, దాని బాటలో మన దేశం 2008లో సవరించుకున్న జాతీయ వర్గీకరణలోనూ వ్యవసాయం, హోటలు, బడి, ఆస్పత్రి అన్నీ పరిశ్రమల పట్టికలోనే ఉన్నాయి. అదే ప్రభుత్వం జరిపే వార్షిక పరిశ్రమల సర్వే మాత్రం ప్రధానంగా ఫ్యాక్టరీల చట్టం కింద నమోదైన వాటినే లెక్కిస్తూ వచ్చింది. 1948 నాటి ఆ చట్టం ప్రకారం కరెంటు వంటి చోదకశక్తి వాడేచోట 10 మంది, వాడనిచోట 20 మంది పనివాళ్లుంటేనే అది ఫ్యాక్టరీ. పార్లమెంటు 2020లో ఆమోదించిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల స్మృతి ఈ సంఖ్యలను 20కి, 40కి పెంచింది. పాత లెక్కలో తొమ్మిదిమంది పనిచేసే మరమగ్గాల షెడ్డు ఫ్యాక్టరీ కాదు. పదో మనిషి చేరితే అవుతుంది. కొత్త లెక్కలో పదిహేనుమంది ఉన్నా కాదు. షెడ్డులో చప్పుడు, నూలు దుమ్ము, నిలబడి పనిచేసే కాళ్ల నొప్పి మూడు సందర్భాల్లోనూ ఒకటే. మారింది తనిఖీ అధికారి ఆ గుమ్మం తొక్కే అవకాశం మాత్రమే.

న్యాయస్థానాలూ ఈ హద్దుతో చాలాకాలం కుస్తీ పట్టాయి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో పరిశ్రమ అన్న మాట ఏయే సంస్థలకు వర్తిస్తుందన్న ప్రశ్నకు సుప్రీంకోర్టు ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 1978లో బెంగళూరు నీటి సరఫరా బోర్డు కేసులో జవాబిచ్చింది. ప్రధాన తీర్పు రాసిన జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ మూడు లక్షణాలు చూడమన్నారు: పని ఒక పద్ధతి ప్రకారం సాగాలి, యజమాని, ఉద్యోగుల సహకారంతో నడవాలి, మనుషుల అవసరాలు తీర్చే వస్తువులనో సేవలనో అందించాలి. లాభాపేక్ష ఉందా లేదా అన్నది ప్రశ్నే కాదు. ఈ గీటురాయితో ఆస్పత్రులు, విద్యాసంస్థలు, క్లబ్బులు కూడా పరిశ్రమలయ్యాయి. ఆ పరిధిని కుదించడానికి 1982లో చట్టాన్ని సవరించినా, ఆ కొత్త నిర్వచనాన్ని ప్రభుత్వాలు అమల్లోకి తేలేదు. 2020 నాటి పారిశ్రామిక సంబంధాల స్మృతి దాతృత్వ సంస్థలను, ప్రభుత్వ సార్వభౌమ విధులను, ఇళ్లలో పనిచేసేవారి సేవను నిర్వచనం నుంచి తప్పించింది. సినిమా సంగతి ఇంకో రకం. తెలుగు టాకీలు 1930ల ఆరంభం నుంచీ వస్తున్నా, జనం నోట అది ఎప్పటి నుంచో పరిశ్రమే అయినా, కేంద్రం పరిశ్రమ హోదా ప్రకటించింది 1998లో. దాంతో బ్యాంకు రుణాలకు దారి పడింది. లైట్లు మోసే మనిషి చాకిరీలో తేడా రాలేదు. ఈ ఉదాహరణలన్నీ ఒక్క సంగతే చెబుతున్నాయి: చట్టం, గణాంకం, బ్యాంకు పరిశ్రమగా గుర్తించేది శ్రమను కాదు, శ్రమ చుట్టూ ఉన్న కూర్పును.

నూలు చెప్పే లెక్క

కూర్పు ఎంత పని చేస్తుందో చూపడానికి ఆడమ్ స్మిత్ 1776లో గుండుసూదుల తయారీని ఎంచుకున్నాడు. తీగ సాగదీయడం, నిటారు చేయడం, కోయడం, మొన తీయడం, తల అతకడం ఇలా దాదాపు పద్దెనిమిది పనులను పదిమంది పంచుకుంటే రోజుకు 48,000 సూదులు తయారవుతాయని, ఆ పని నేర్వని మనిషి ఒంటరిగా కూర్చుంటే ఇరవై కూడా చేయలేడని ఆయన లెక్క. మనిషికి 20 నుంచి 4,800కు, అంటే 240 రెట్లు. వాళ్లు 240 రెట్లు ఎక్కువ కష్టపడ్డారని ఎవరూ అనరు. నూలు విషయంలో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. 100 పౌన్ల దూదిని నూలుగా మార్చడానికి పద్దెనిమిదో శతాబ్దపు భారతీయ రాట్నం మీద 50,000 గంటలకు పైగా పట్టేదని జౌళి చరిత్రకారుల అంచనా. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ తయారుచేసిన మ్యూల్ యంత్రం దాన్ని సుమారు 2,000 గంటలకు దించింది. 1795 నాటికి నీటి శక్తి, ఆవిరి శక్తి తోడైన యంత్రాల మీద అది 300 గంటలు, 1825 ప్రాంతంలో రిచర్డ్ రాబర్ట్స్ స్వయంచాలక యంత్రం మీద 135 గంటలు. ఒక జీవితకాలంలోపే ఒక పని నాలుగు వందల వంతుకు దగ్గరగా కుంచించుకుపోయింది.

ఆ 50,000 గంటల్లో ఏముండేదో తెలుసుకోవాలంటే శ్రీకాకుళం జిల్లా పొందూరు సన్న ఖద్దరు తయారీని గమనించాలి. అక్కడ దూదిని శుభ్రం చేయడానికి ఇప్పటికీ వాలుగ చేప దవడ ఎముక వాడతారు. సన్నటి పళ్లున్న ఆ ఎముకతో గింజ చుట్టూ ఉన్న దూదిని కొద్దికొద్దిగా దువ్వుతూ చెత్తను, పొట్టి పోగులను విడదీస్తారు. తర్వాత గింజ తీయాలి, ఏకాలి, ఏకులు చుట్టాలి, ఒంటి కదురు రాట్నం మీద వడకాలి. ఇదంతా ఎక్కువగా ఆడవాళ్ల చేతుల మీద నడిచే పని. ఏ దశలోనూ తొందరపాటుకు చోటు లేదు, సోమరితనానికి అసలే లేదు. అంత ఓపికతో చేసినా ఒక మనిషి రోజంతా వడికే నూలు ఒక మిల్లు నిమిషాల్లో తీసేదానికి సాటి రాదు. శ్రమ తక్కువైనందువల్ల కాదు, ఆ శ్రమ వెనక మరో శక్తి లేనందువల్ల.

మరి నూలు యంత్రం మచిలీపట్నంలోనో ఢాకాలోనో కాక ఇంగ్లండులోనే ఎందుకు పుట్టింది? ఇంగ్లీషు కంపెనీ 1611లో మచిలీపట్నానికి వచ్చింది ఇక్కడి బట్టకోసమే. కోరమండల్ తీరపు కలంకారీలు, మస్లిన్లు పర్షియా నుంచి ఆగ్నేయాసియా దాకా అమ్ముడయ్యేవి. నేతలో, అద్దకంలో ఇక్కడివాళ్ల నైపుణ్యానికి సాటి లేదనే కదా బ్రిటిష్ పార్లమెంటు 1700లోనూ 1721లోనూ అద్దకపు బట్టల దిగుమతినీ వాడకాన్నీ కట్టడి చేసే చట్టాలు తెచ్చుకుంది. చరిత్రకారుడు రాబర్ట్ అలెన్ ఇచ్చే వివరణ ఇది: పద్దెనిమిదో శతాబ్దపు ఇంగ్లండులో కూలి ఖరీదు, బొగ్గు చవక. మనిషిని తగ్గించి బొగ్గును మండించే యంత్రం అక్కడ గిట్టుబాటయింది. కూలి చవకగా దొరికే చోట అదే యంత్రం పెట్టుబడి దండగ. ఈ వివరణ మీద చర్చలున్నాయి. కూలి రేట్ల అంచనాలను ప్రశ్నించినవారున్నారు, శాస్త్ర సంస్కృతికీ, వలస వ్యాపారానికీ ఎక్కువ పాత్ర ఇచ్చినవారున్నారు. ఈ వాదులందరూ ఒప్పుకునే సంగతి ఒకటుంది. భారతీయ రాట్నం ఓడిపోయింది పనిమంతులు లేక కాదు. నిజానికి ఇక్కడి ఆడవాళ్ల నిరంతర శ్రమ అంత చవకగా దొరకడమే యంత్రం అవసరాన్ని కనపడనివ్వలేదు.

యంత్రం వచ్చాక పని గంటలు

యూనిట్‌కు పట్టే శ్రమ పడిపోయినప్పుడు పనివాడి రోజు కూడా పొట్టిదవ్వాలని లెక్కలు చెబుతాయి. జరిగింది అది కాదు. లండన్‌లోని ఓల్డ్ బెయిలీ కోర్టులో సాక్షులు తాము ఎప్పుడు లేచామో, ఎప్పుడు పనిలో ఉన్నామో చెప్పిన వాంగ్మూలాలను ఆర్థిక చరిత్రకారుడు హాన్స్ యోఆకిమ్ వోత్ జల్లెడ పట్టి, పద్దెనిమిదో శతాబ్దపు చివరి సగంలో ఏడాది పని గంటలు పెరిగాయని చూపించాడు. ముఖ్యంగా ఆదివారం తర్వాత సోమవారం కూడా పని మానేసే పాత అలవాటు సన్నగిల్లింది. చరిత్రకారుడు ఈ.పి. థాంప్సన్ 1967లో రాసిన ప్రసిద్ధ వ్యాసం ఇంకో మార్పును పట్టుకుంది: పని ముగిసేదాకా పనిచేసే పద్ధతి పోయి, గంట కొట్టేదాకా పనిచేసే పద్ధతి వచ్చింది. యంత్రానికి పెట్టిన డబ్బు రాబట్టుకోవాలంటే అది ఆగకూడదు. అది ఆగకూడదంటే మనిషి ఆగకూడదు. శ్రమను ఆదా చేయడానికి వచ్చిన యంత్రం మొదటి రెండు తరాలపాటు శ్రమను పొడిగించింది.

దాన్ని కుదించింది చట్టం. బ్రిటన్‌లో 1833 ఫ్యాక్టరీ చట్టం బట్టల మిల్లుల్లో తొమ్మిదేళ్లలోపు పిల్లలను పెట్టుకోవడాన్ని చాలావరకు ఆపి, ఇన్‌స్పెక్టర్లను నియమించింది. 1847లో ఆడవాళ్లకు, కుర్రకారుకు పది గంటల పరిమితి వచ్చింది. భారతదేశంలో 1881 నాటి మొదటి చట్టం ఏడేళ్లలోపు పిల్లలను నిషేధించి, ఏడు నుంచి పన్నెండేళ్లవారికి తొమ్మిది గంటల పని ఖరారు చేసింది. ఆ అంకె చూస్తే అంతకుముందు ఎలా ఉండేదో ఊహించుకోవచ్చు. బట్టల మిల్లుల్లో పెద్ద మగవాళ్ల పనిరోజుకు పన్నెండు గంటల హద్దు 1911లో గానీ రాలేదు. వారానికి 60 గంటలని 1922లో, 54 అని 1934లో, 48 అని 1940లలో తగ్గుతూ వచ్చింది. ప్రతి మెట్టు దగ్గరా పోటీలో నిలవలేం, మిల్లులు మూతపడతాయి అన్న వాదన వినిపించింది. మిల్లులు మూతపడ్డ సందర్భాలు తర్వాత ఎన్నో వచ్చాయి గానీ వాటి కారణాలు ఎక్కువగా పాత యంత్రాలు, మరమగ్గాల పోటీ, మారిన మార్కెట్టు. యంత్రం తనంతట తాను గంటలు తగ్గించదని డెట్రాయిట్ అనుభవం ఇంకో వైపు నుంచి చెబుతుంది. హెన్రీ ఫోర్డు 1913లో కదిలే అసెంబ్లీ లైను పెట్టాక మోడల్ టి కారు చట్రాన్ని బిగించే సమయం పన్నెండున్నర గంటల నుంచి గంటన్నరకు పడిపోయింది. ఒకే బోల్టు రోజంతా బిగించే పనికి మనుషులు నిలబడలేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టే మానేశారు. 1914 జనవరిలో ఎనిమిది గంటల పనికి అయిదు డాలర్లు ఇస్తానని ఫోర్డు ప్రకటించాల్సి వచ్చింది. ఆదా అయిన శ్రమలో కొంత కూలివాడికి తిరిగి వచ్చింది దయవల్ల కాదు. పని మానేయగల స్వేచ్ఛ అతనికి ఉండటంవల్ల.

కష్టపడే జాతులు, కష్టపడని జాతులు

ఎక్కువ కష్టపడటంవల్ల కాక, కష్టం తగ్గిన చోటే పరిశ్రమ పెరిగిందన్న వాదనకు బలమైన అభ్యంతరం ఒకటుంది. యంత్రం ఎక్కడి నుంచో ఊడిపడదు. పొదుపు, క్రమశిక్షణ, శ్రమపట్ల గౌరవం ఉన్న సమాజంలోనే పరిశ్రమ వేళ్లూనుతుంది అన్నది దాని సారాంశం. మాక్స్ వెబర్ 1904-05లో ప్రొటెస్టెంటు నీతిలో ఆ వేళ్లు వెతికాడు. ఇంకా గట్టి ఆధారాలతో వచ్చినవాడు ఆర్థిక చరిత్రకారుడు యాన్ డి వ్రీస్. 1650 తర్వాత వాయవ్య ఐరోపా కుటుంబాలు టీ, చక్కెర, పొగాకు, అద్దకపు బట్టల వంటివి కొనుక్కోవడానికి ఎక్కువ రోజులు పనిచేశాయని, ఆడవాళ్లు, పిల్లలు కూడా మార్కెట్టు పనిలోకి దిగారని, పారిశ్రామిక విప్లవానికి ముందు ఈ శ్రమ విప్లవం నడిచిందని 1994లో ఆయన ప్రతిపాదించాడు. శ్రమ విప్లవం అన్న భావన అంతకుముందే జపాన్ చరిత్రకారుడు హయామి అకిరాది. తొకుగావా కాలంలో నోబి మైదానంలో జనాభా పెరుగుతుండగా పశువుల సంఖ్య తగ్గిందని గమనించి, పశువుల పనిని కూడా మనుషులే మీద వేసుకున్నారని ఆయన వివరించాడు. ఈ ఆధారాలను తోసిపుచ్చనక్కర్లేదు. కష్టపడే అలవాటు, కాలానికి కట్టుబడటం పరిశ్రమకు సాయపడతాయి. అయితే హయామి సాక్ష్యం అక్కడే ఇంకో మాట కూడా చెబుతోంది: మనుషులే పశువుల పని చేసే దారి జనానికి తిండి పెట్టగలిగింది గానీ, జపాన్ కూలి రేట్లను పైకి లేపింది మాత్రం మెయిజీ కాలం నుంచి వచ్చిన మిల్లులు, రైళ్లు, కరెంటు. డి వ్రీస్ కుటుంబాలు ఎక్కువ పనిచేయడానికీ ముందుగా కొనదగిన సరుకు, దాన్ని తెచ్చే మార్కెట్టు ఉన్నాయి. ఆశ లేనిచోట కష్టపడమని బోధించి ఎవరూ ఈ ఫలితం సాధించలేదు.

రెండో అభ్యంతరం మరింత సూటిది. ఆర్థిక చరిత్రకారుడు గ్రెగరీ క్లార్క్ 1987లో 1910 ప్రాంతపు నూలు మిల్లులను దేశాలవారీగా పోల్చి, అవే యంత్రాల దగ్గర న్యూ ఇంగ్లండు కార్మికుడు భారతీయ కార్మికుడికంటే ఎన్నో రెట్లు ఎక్కువ యంత్రాలను చూసుకునేవాడని, కాబట్టి తేడా యంత్రాల్లో కాదు మనుషుల్లో ఉందని వాదించాడు. అంకెలు నిజమే కావచ్చు. అర్థం చెప్పడంలోనే పేచీ. కూలి చవకైన చోట యజమాని ఒక్కో యంత్రానికి ఎక్కువమందిని పెట్టుకోవడం లెక్క ప్రకారం తప్పు కాదు. పొట్టి పింజ దూదితో నూలు తరచూ తెగుతుంది, తెగిన ప్రతిసారీ అతకడానికి చెయ్యి కావాలి. మేస్త్రీలు కూలీలను తెచ్చే పద్ధతిలో, ఈ రోజు పని ఉండి రేపు లేని బదిలీ కార్మికులతో నడిచే మిల్లులో ఎక్కువ మగ్గాలు చూసుకుంటే పక్కవాడి పని పోతుందన్న భయం కూడా ఉంటుంది. అన్నిటికంటే ముఖ్యంగా, సొంత దేశంలో తక్కువ యంత్రాలు చూసుకున్న పోలెండు, ఇటలీ, పోర్చుగల్ వాళ్లే అమెరికా మిల్లుల్లో చేరాక ఎక్కువ యంత్రాలు చూసుకున్నారని క్లార్క్ ఆధారాలే చెబుతాయి. మనిషి అదే, చెయ్యి అదే. చుట్టూ ఉన్న ఏర్పాటు మారింది. సామాజికశాస్త్రవేత్త సయ్యద్ హుస్సేన్ అలటాస్ 1977లో వచ్చిన తన పుస్తకంలో చూపినట్టు, మలయా, జావా, ఫిలిప్పీన్స్ జనాన్ని సోమరులన్నది ఎక్కువగా తోటల యజమానులు, వలస అధికారులు. తాము పెట్టిన షరతులకు కూలికి రానివాణ్ణి వాళ్లు సోమరి అన్నారు; ఆ మనిషి తన పొలంలో, పడవలో చేసుకునే పని వాళ్ల లెక్కలోకి రాలేదు.

చేనేత: ఏ శ్రమ విలువైంది, ఏది వృథా

పరిశ్రమ అంటే శ్రమ తగ్గించడమే అయితే చేనేతను ఏమనాలి అన్న ప్రశ్న తెలుగునాట తప్పదు. 2019-20 నాటి నాలుగో జాతీయ చేనేత గణన దేశంలో 35 లక్షల మందికి పైగా చేనేత కార్మికులను లెక్కించింది. వారిలో ఎక్కువమంది ఆడవాళ్లు. మూడింట రెండు వంతుల కుటుంబాల నెల ఆదాయం అయిదు వేల రూపాయల లోపు. కష్టమే సంపదకు కొలత అయితే ఈ అంకె ఇలా ఉండదు. చేనేతను మరమగ్గానికి వదిలేయమన్నది ఒక వాదన, చేతి పనిలో వేలు పెట్టరాదన్నది దానికి ఎదురు వాదన. రెండూ శ్రమ అంతటినీ ఒకే గాటన కట్టేస్తున్నాయి. యాదాద్రి భువనగిరి జిల్లా ప్రాంతపు టై అండ్ డై నేతలో ఆసు పోయడం అనే దశ ఈ పొరపాటును విడమరచి చూపిస్తుంది. రంగులు అద్దే ముందు నూలును డిజైను ప్రకారం కట్టాలి. కట్టడానికి ముందు దాన్ని వరసలుగా పేర్చాలి. ఒక కొసన ఒక మేకు, మీటరు దూరంలో అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. దారాన్ని అటూ ఇటూ చేత్తో తిప్పుతూ ఒక్కో మేకుకూ వేయాలి. ఒక చీరకు ఇలా సుమారు 9,000 సార్లు చెయ్యి ఆడాలి. ఈ పని ఇంటి ఆడవాళ్లది. భుజం పట్టేయడం, మోచేతి నొప్పి దాని వెంట వచ్చేవి. ఆలేరు దగ్గరి శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, తన తల్లి పడే ఈ బాధ చూసి, 1999లో ఆ కదలికను మోటారుకు అప్పగించే లక్ష్మీ ఆసు యంత్రాన్ని తయారుచేశారు. నాలుగైదు గంటల పని గంటన్నరకు వచ్చింది. 2017లో ఆయనకు పద్మశ్రీ దక్కింది.

ఆ యంత్రంవల్ల చీర విలువ తగ్గలేదు. ఎందుకంటే కొనేవాళ్లు డబ్బు ఇచ్చేది డిజైనుకు, చిటికి కట్టిన నేర్పుకు, రంగు అంచులు కలిసేలా నేసిన చేతికి. తొమ్మిది వేలసార్లు భుజం ఆడించడానికి ఎవరూ ధర కట్టలేదు, ఆ పని చేసిన ఇల్లాలికి విడిగా కూలి కూడా లేదు. చేతిపనిని కాపాడటానికి 1985 చట్టం కొన్ని రకాల బట్టలను చేనేతకే కేటాయించింది. ఆ కేటాయింపు మగ్గం మీద జరిగే నేతకు రక్షణ ఇచ్చింది సరే. మగ్గం దాకా నూలు చేరేలోపు జరిగే చాకిరీని అది పట్టించుకోలేదు. నైపుణ్యం ఉన్న శ్రమను నిలబెట్టుకుని, ఒళ్లు అరిగే శ్రమను యంత్రానికి ఇవ్వగలిగితే చేనేత పరిశ్రమగా బతకడానికి అడ్డేమీ లేదు. ఒక షరతు మాత్రం ఉంది. ఆదా అయిన ఆ మూడు గంటలు ఇంకో చీర ఆసుకే పోయి, చీరకు ఇచ్చే మజూరీ అంతే ఉండిపోతే లాభం మాస్టర్ వీవరుకో షాపుకో చేరుతుంది.

లెక్కకు రాని శ్రమ

ఆసు దగ్గర కనిపించిన సంగతి దేశమంతటికీ వర్తిస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన సమయ వినియోగ సర్వేలో, ఇంటి పని చేసే ఆడవాళ్లు అందుకోసం రోజుకు సగటున 299 నిమిషాలు, మగవాళ్లు 97 నిమిషాలు వెచ్చిస్తున్నట్టు తేలింది. 2024 సర్వేలో ఇవి 289, 88. అయిదు గంటలకు దగ్గరగా ఉన్న ఈ పని జాతీయాదాయంలో కనపడదు, ఎందుకంటే సొంత ఇంటికోసం చేసే వంట, శుభ్రం, పిల్లల సాకుడును ఉత్పత్తి లెక్కల పద్ధతి బయట పెడుతుంది. అదే వంటను హోటల్లో చేస్తే పరిశ్రమ. డబ్బు చేతులు మారని పనికి ధర ఎలా కడతారన్నది గణాంకవేత్తల ఇబ్బంది, అందులో నిజం లేకపోలేదు. ఇంటి పనికి ఊహించిన ధర కలిపితే మార్కెట్టు ఒడిదుడుకులను చూపే లెక్క మసకబారుతుంది కూడా. అయితే దాన్ని విడి ఖాతాలో చూపడానికి అడ్డేమీ లేదు, కొన్ని దేశాలు అలా చూపుతున్నాయి.

ఇల్లూ ఫ్యాక్టరీ కలిసిపోయిన చోట చట్టం కొంత దూరం వెళ్లింది. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో బీడీలు చుట్టే ఆడవాళ్లు ఇంటి వాకిట్లోనే కూర్చుని తునికాకును కొలత రేకు పెట్టి కత్తిరించి, పొగాకు వేసి చుట్టి, దారం కడతారు. ఆకు, తంబాకు ఇచ్చేది, వెయ్యి బీడీల లెక్కన తీసుకునేది కమీషన్‌దారు. పని స్థలం ఎవరిల్లు వాళ్లది కనుక వీళ్లు కార్మికులు కారని కంపెనీలు చాలాకాలం వాదించాయి. 1966 బీడీ, సిగార్ కార్మికుల చట్టం ఇంటి దగ్గర చుట్టేవారినీ ఉద్యోగులుగానే గుర్తించింది. 1974లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని సమర్థించింది. పైకప్పు ఎవరిదన్నది కాక, ముడిసరుకు ఎవరిది, సరుకు తీసుకునేదెవరు, నాణ్యత బాగాలేదని తిప్పికొట్టే అధికారం ఎవరిదన్నది చూడాలన్న సూత్రం ఇక్కడ స్థిరపడింది. నేడు ఫోనులో యాప్ ఇచ్చే ఆర్డర్ల మీద బండి నడిపే డెలివరీ కుర్రాళ్ల విషయంలోనూ అదే ప్రశ్న తిరిగి వచ్చింది. ఏర్పాటు ఎవరి చేతిలో ఉందన్న ప్రమాణం అక్కడా పనికొస్తుంది.

గంటలా, ఫలితమా

వారానికి 70 గంటలు పనిచేస్తే దేశం ముందుకు పోతుందన్న మాట 2023 నుంచి మన దేశంలో పెద్ద చర్చ అయింది. 2025లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ప్రభుత్వాలు రోజువారీ పనికి పది గంటల దాకా వీలు కల్పించే నిర్ణయాలు తీసుకున్నాయి. వారానికి 48 గంటల హద్దు దాటితే అదనపు వేతనం ఇవ్వాలన్న నియమం ఉంది. యుద్ధంలో నేలమట్టమైన జర్మనీ, జపాన్ మొదట ఎక్కువ గంటలు పనిచేసే కదా లేచాయన్నది ఈ వాదన పక్షాన చెప్పే ఉదాహరణ. అది పాక్షిక సత్యం. ఆ దేశాలకు నేర్పున్న పనివాళ్లు, ఇంజినీరింగు సంప్రదాయం, కొత్త యంత్రాల మీద పెట్టుబడి ఉన్నాయి. అవి తోడైనందువల్లే ఆ గంటలు ఫలించాయి. ఫలించాక గంటలు తగ్గాయి. ఆర్థిక సహకార, అభివృద్ధి సంస్థ ఇటీవలి లెక్కల ప్రకారం జర్మనీలో ఒక్కో కార్మికుడు ఏడాదికి సగటున 1,350 గంటలకు అటూ ఇటూగా, మెక్సికోలో 2,200 గంటల దాకా పనిచేస్తున్నారు. గంటలే సంపద అయితే ఈ రెండు దేశాల స్థానాలు తారుమారై ఉండాలి. మన దగ్గరే చూసినా, 2023-24లో పనిచేసేవారిలో దాదాపు 46 శాతం వ్యవసాయం మీద ఉన్నారు, దేశ ఉత్పత్తి విలువలో దాని వాటా మాత్రం అయిదో వంతుకు లోపే. పొలంలో చెమట తక్కువై కాదు. ఎకరానికీ మనిషికీ దక్కే నీరు, యంత్రం, నిల్వ, ధర తక్కువై.

1930లో జాన్ మేనార్డ్ కీన్స్ నూరేళ్లలో మనిషి వారానికి 15 గంటలు పనిచేస్తే చాలే రోజు వస్తుందని ఊహించాడు. ఉత్పాదకత విషయంలో ఆయన అంచనా పెద్దగా తప్పలేదు. పని గంటల విషయంలో తప్పింది, ఎందుకంటే పెరిగిన ఉత్పత్తిని విశ్రాంతిగా మార్చే ఏర్పాటు తనంతట తాను ఏర్పడుతుందని ఆయన అనుకున్నాడు. 1847 నుంచి 1948 దాకా నడిచిన పని గంటల చట్టాల చరిత్ర అది తనంతట తాను ఏర్పడదనే చెబుతోంది. కృత్రిమ మేధ ఆఫీసు పనికి పట్టే కాలాన్ని కుదిస్తున్న ఈ రోజుల్లో హైదరాబాదు ఐటీ ఉద్యోగి ముందున్న ప్రశ్న, 1800 నాటి మాంచెస్టరు నూలు కార్మికుడి ముందున్న ప్రశ్న వేరు కావు. కాబట్టి ఒక పరిశ్రమను అంచనా వేసేటప్పుడు మూడు సంగతులు వరసగా అడగాలి. ఒక గంట శ్రమకు ఎంత వస్తువు, ఎంత సేవ వస్తోంది? ఆ గంటలో నైపుణ్యం ఎంత, ఒళ్లు అరగడం ఎంత? కొత్త పద్ధతి వచ్చి గంట అరగంట అయినప్పుడు ఆ మిగిలిన అరగంట కూలిలో పెరుగుదలగానో, తీరికగానో పనిచేసినవారికి చేరుతోందా? మొదటి ప్రశ్నకు ఇంజినీరు జవాబు చెప్పగలడు, రెండోదానికి పనిచేసేవాళ్లే చెప్పాలి. మూడోదానికి జవాబు కార్మిక సంఘాల బేరంలోనూ శాసనసభ చేసే చట్టంలోనూ ఉంటుంది. ఆ మూడో జవాబు సరిగ్గా లేనప్పుడు, ఎక్కువ కష్టపడమన్న సలహా పనిచేసేవాడికి ఏమీ మిగల్చదు.